చదివింపులు

పుట్టగానే సర్కారు మనిషికి ఇన్నని లెక్కకట్టి ఇచ్చే ఐసీయూ రోజుల్ని జనం పెళ్లిళ్లలో చదివించడం మొదలుపెట్టారు. సత్తిరాజు తన భార్య వరాలు వాళ్ల అన్నగారి కూతురి పెళ్లిలో, పరువు కోసం తన రోజులన్నీ మైకులో చదివించేశాడు.

నెల తిరక్కుండానే అతనికి గుండెపోటు వచ్చింది. అంబులెన్సు తెర మీద అతని రోజులు సున్నా అని పడింది. వరాలు అన్నకు ఫోన్ చేసింది.

“అన్నయ్యా, ఆయన రోజులు ఆయనకి పంపెయ్యి!”

“ఎట్టా పంపేదమ్మా? అమ్ముకుంటారని, ఫంక్షనుంటేనే బదిలీ అవ్వుద్దని రూలు పెట్టారుగా. మీ ఇంట్లో ఏదన్నా పెట్టుకో, మొదట చదివించేది నేనే.”

అంబులెన్సు ఇంటిదారి పట్టింది.

అన్న మాట తప్పలేదు. పెద్దకర్మ నాడు, ఆనవాయితీ ప్రకారం, తీసుకున్నదానికి ఒక రోజు కలిపి మరీ చదివించాడు.