ముగింపు ఉన్న కథ

ఇప్పుడు ఏ కథా అయిపోదు. చదివేవాళ్లు ఆగేదాకా ఫోనే రాసుకుంటూ పోతుంది. మా ఆవిడ నూకరత్నం ఏళ్ల తరబడి ఒకే నవల చదువుతోంది. అందులో ఎవడూ చావడు, ఎవడూ ఊరు వదలడు. నాకు ఒళ్లు మండింది. ఏడో తరగతి చదువుతోనే కాగితం మీద కథ రాశాను. అందులో పడవ నడిపే సరంగు కోటయ్యను చంపడానికి చెయ్యి రాక ఏడాది తిప్పలుపడ్డాను. నిన్న చంపేసి, ఆ కాగితాలు ఆమె చేతిలో పెట్టాను.

చివరి పేజీని నూకరత్నం వేలితో పైకి తోసింది. ఏమీ రాలేదు.

“తరవాతేటయ్యా?”

“అయిపోయింది.”

“అయిపోడవేంటి? కోటయ్య లేత్తాడా, లేడా?”

“లేవడే!”

“నీ చేతులిరగ! అంత మంచోణ్ణి సంపేత్తావా?” అని భోరున ఏడ్చింది.

నాకు గెంతులేయాలనిపించింది. ఆమె కళ్లు తుడుచుకుని మొదటి పేజీ తీసింది.

“మళ్లీ ఎందుకే?”

“బతికున్నోణ్ణి ఇంకోసారి సూసుకుంటాను. నువ్వు మాటాడకు.”