రాయదుర్గంలో లేని జాతర

“జాతరకు తీసుకపోతున్ననని చెప్పు. టీకా అని తెలిస్తే పిల్ల గడప దాటదు,” అంది భాగ్యమ్మ. “తొవ్వల నోరు జారినవో, ఇగ ఈ ఇంట్ల నీకు పని లేదు.”

బుచ్చమ్మ తల ఊపింది.

పోలీసు చర్య జరిగిన మరుసటి ఎండాకాలం అది. పక్క ఊళ్లో మశూచి సోకింది. టీకాలు వేసేవాళ్లు రాయదుర్గం చావడిలో దిగారు. వీళ్ల ఊరు మణికొండ నుంచి అక్కడికి నడక.

బుచ్చమ్మకు పంతొమ్మిదేళ్లు. సావుకారి బాలనర్సయ్య, భాగ్యమ్మల కూతురు కనకలక్ష్మిని చూసుకునే పనిలో ఆర్నెల్ల కింద చేరింది. కనకలక్ష్మికి ఎనిమిదేళ్లు. ఎవరు ఎవరిని చూసుకుంటున్నారో లెక్క తేలడం కష్టం. మామిడి చెట్టెక్కేది బుచ్చమ్మ, కింద నిలబడి “కొమ్మ ఇరుగుతది, దిగు” అని గద్దించేది పిల్ల. దాగుడుమూతల్లో ఓడిపోయి అన్నం మానేసేది బుచ్చమ్మ, బతిమాలి తినిపించేది పిల్ల. తన స్నానం తనే తలుపేసుకుని చేసి, తన జడ తనే వేసుకుని, ఆపైన బుచ్చమ్మ తలకు నూనె పెట్టేది.

ఇద్దరూ బండల మధ్య దారిలో నడుస్తున్నారు.

“ఎవరి జాతర?” అడిగింది కనకలక్ష్మి.

“ఎల్లమ్మది.”

“రాయదుర్గంల గిప్పుడు ఎల్లమ్మ జాతర ఎక్కడిది?”

“గీమె కొత్త ఎల్లమ్మ.”

ఎదురుగా ఒకామె పిల్లవాణ్ణి చంకనేసుకుని వస్తోంది. వాడు దండచేయి పట్టుకుని గుక్కపట్టి ఏడుస్తున్నాడు. వెనకే ఇంకో ఇద్దరు పిల్లలు, వాళ్లదీ అదే రాగం.

“జాతరకు పోయినోళ్లు ఏడుసుకుంట వస్తున్నరేంది?”

“మిఠాయి అయిపోయినట్టుంది,” అంది బుచ్చమ్మ, పిల్ల కళ్లలోకి చూడకుండా.

కనకలక్ష్మి ఆ పిల్లల వైపు తిరిగి చూసింది. తర్వాత నెమ్మదిగా అంది: “అమ్మ అబద్ధం చెప్తది. బాపు దుకాణంల కూసుంటే ఇగ చెప్పనే వద్దు. నాతోని అబద్ధమాడనిది నువ్వొక్కదానివే బుచ్చక్కా.”

బుచ్చమ్మ కాళ్లు ఆగిపోయాయి. పని పోతే తల్లిగారింటికి పోవాలి. అక్కడ నోళ్లెక్కువ, గింజలు తక్కువ. అదంతా తక్కెడలో ఒక పక్క. పిల్ల ముఖం ఒక పక్క. బుచ్చమ్మకు తూకం వేయడం రాదు గానీ ముల్లు ఎటు ఒరిగిందో తెలిసిపోయింది. బండ మీద కూలబడి బోరుమంది.

“జాతర లేదు, గీతర లేదు బిడ్డా! నీకు టీకా ఏయిస్తరు. నిన్ను మోసం జేసి తోలుకపోతున్న. నాకైతే ఆ సూది పేరింటేనే కండ్లు తిరుగుతయి. ఉరుకు! తప్పిపోయినవని అమ్మకు నేను చెప్పుకుంట.”

“నువ్వు గూడ అట్లనేనా?” అంది కనకలక్ష్మి.

ఆ మాటకు బుచ్చమ్మ ఏడుపు రెట్టింపయింది. పిల్ల మాత్రం పరుగెత్తలేదు. పావడా అంచుతో బుచ్చమ్మ ముక్కు తుడిచింది.

“నేను ఉరికితే నీ పని పోతది గద?”

“పోనీ.”

“వద్దు. నడువు, పోదాం.” చేయి చాచింది. “నాకు భయమైతుంది. నా చేయి పట్టుకుంటవా?”

ఆర్నెల్లలో ఆ పిల్ల నోట భయమన్న మాట రావడం అదే మొదలు. బుచ్చమ్మ ఒక్కసారిగా పెద్దదైపోయింది. లేచి నిలబడి చీర సవరించుకుంది.

“నేనుండంగ ఫికరెందుకు బిడ్డా?”

“ఏమైనా సరే, చెయ్యి ఇడువద్దు.”

“ఇడువ.”

“ఒట్టు?”

“నీ మీద ఒట్టు.”

చావడి ముందు వరుసలో నిలబడ్డంతసేపూ బుచ్చమ్మ మాట తప్పలేదు. లోపలి నుంచి కేక వినిపించినప్పుడల్లా కళ్లు మూసుకుంది, చేయి మాత్రం వదల్లేదు. వంతు వచ్చింది.

“ఎవరింటి నుంచి?” అన్నాడు టీకాలాయన, పట్వారీ రాసిచ్చిన కాగితం తీస్తూ.

“మణికొండ, సావుకారి బాలనర్సయ్య ఇల్లు. పిల్ల పేరు కనకలక్ష్మి. పసిది సారూ, జర మెల్లగ.”

ఆయన వేలు కాగితం మీద పైనుంచి కిందికి జారింది. “ఆ ఇంట్ల ఒక్కటే పేరున్నది. కనకలక్ష్మి కాదు.”

“లేదా!” బుచ్చమ్మ ముఖం వెలిగిపోయింది. “ఇగ నడువు బిడ్డా, బతికినవ్!”

కనకలక్ష్మి కదల్లేదు. రెండో వైపు జాకెట్టు పొడుగు చేతిని పళ్లతో పట్టి భుజం దాకా లాగింది. దండ మీద రెండు గుండ్రటి పాత మచ్చలు.

“నాకు నిరుడే ఏసిండ్రు.”

“మరి అమ్మ నన్నెందుకు పంపింది?”

“నేను పంపుమంటే పంపింది. పక్క ఊళ్ల తొమ్మిది మంది పోయిండ్రు బుచ్చక్కా.”

బుచ్చమ్మ చేయి వెనక్కి గుంజింది. రాలేదు. ఐదు చిన్న వేళ్లు ఇనుప పట్టులా బిగుసుకున్నాయి.

“నిన్ను నమ్మితి గదనే! గింత మోసమా?” అని చావడి అదిరేలా అరిచింది.

కనకలక్ష్మి కళ్లు తుడుచుకుని టీకాలాయన వైపు తిరిగింది.

“మీ కాగితంల ఉన్న బుచ్చమ్మ ఈమెనే సారూ, పేరు నేనే రాయించిన. జర గట్టిగ పట్టుకోండ్రి, కరుస్తది.”