కబుర్ల పెద్దాయన

“పెద్దాయనా, మళ్ళీ మొదలెట్టారా?”

డ్రాయింగ్ టీచర్ కాబోయే ఆ అమ్మాయికి ఒళ్ళు మండిపోయింది.

శిక్షణలో భాగంగా మూడు వారాలుగా ఆ కాలనీ హాల్లో బొమ్మలు వేయడం నేర్పుతోంది. వేరే రాష్ట్రం నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చిన ఆడవాళ్ళే దాదాపు అందరూ. “వాళ్ళకి మన భాష కాస్త కాస్త వచ్చులెండి” అని చెప్పి పంపారు శిక్షణ కాలేజీ వాళ్ళు. కాస్తేమిటి, ఇలా చెప్పగానే అలా అల్లుకుపోతున్నారు! తన బోధన చూసి తనకే ముచ్చటేసేది.

చిక్కల్లా వాళ్ళలో ఉన్న ఒకే ఒక్క మగమనిషి, మధ్య వరసలోని ఈ గడ్డం పెద్దాయనతోనే. తను నోరు తెరిస్తే చాలు, ఆయన గుసగుసలు మొదలు. కాగితం మీద మాత్రం ఒక్క గీత ఉండదు.

ఇవాళే తన బోధనకి పరీక్ష. పాఠం చూసి మార్కులు వేసే మేడమ్ కారు దిగడం కిటికీలోంచి కనిపించింది.

“గీసేది లేదు గానీ కబుర్లకి తక్కువ లేదు. ఇవాళ తప్పితే నా ఉద్యోగం ఆశ గల్లంతే! దయచేసి బయటికెళ్ళండి.”

“అది కాదమ్మా, వాళ్ళకి...”

“వాళ్ళ సంగతి నేను చూసుకుంటాను.”

ఆయన గొడుగు అందుకున్నాడు. “పరీక్ష బాగా జరగాలి తల్లీ” అని వెళ్ళిపోయాడు.

పీడ వదిలిందనుకుంది. మేడమ్ వచ్చి వెనక కూర్చుంది.

“ఈ కూజా నీడ ఎటు పడిందో చూడండి. అటువైపు ముదురు రంగు వేయండి.”

అందరూ నవ్వి తలూపారు. ఎవరూ కుంచె ముట్టలేదు.

“నీడ! ముదురు రంగు!” గొంతు పెంచింది.

ఇంకా బాగా నవ్వారు. ముందు వరసలోని అవ్వ లేచి, బల్ల మీది కూజా తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. దాహమేసిందనుకుంది కాబోలు.

మేడమ్ కళ్ళద్దాలు సర్దుకుంది. “మూడు వారాలుగా చెబుతున్నానన్నారు?”



అవ్వ తలుపు కేసి చూసింది. “టీచర్?” అంది దిగులుగా. ఆ ఒక్క ముక్కా అందరికీ వచ్చినట్టుంది. “టీచర్? టీచర్?” అని ఒకరినొకరు అడుగుతున్నారు.

“మీ టీచర్ ఇక్కడే ఉందిగా” అంటూ మేడమ్ అమ్మాయిని చూపించింది.

అవ్వ తల అడ్డంగా ఊపి, మధ్య వరసలో ఖాళీ కుర్చీని వేలితో చూపించింది.

అమ్మాయికి తల కొట్టేసినట్టయింది. చేతిలో కూజాతోనే వీధిలోకి పరుగెత్తింది. ఎండలో వీధి చివరిదాకా ఒక్క మనిషి లేడు.

తన ప్రతి మాటనీ వాళ్ళ భాషలో వాళ్ళ చెవిన వేస్తూ, ఇన్నాళ్ళూ ఆ గదిలో పాఠం చెప్పింది ఆయనే.