పన్నెండు సెకన్లు

“ఇంటింటి వ్యాయామం పోటీలో ఫస్ట్ ప్రైజు మీదే సార్,” అంటూ డ్రిల్లు మాస్టారు పాప రాసిన కార్డు తీశారు. “తల్లీకూతుళ్లు రోజూ సాయంత్రం పరుగు. మొదటిరోజు నలభై సెకన్లు, నిన్న పన్నెండే.”

“నేనెప్పుడూ చూడలేదే. ఎక్కడ పరిగెడతారట?” అన్నాడు తండ్రి.

తల్లి పాప చెయ్యి గట్టిగా పట్టుకుంది.

మాస్టారు హుషారుగా చదివారు. “నాన్న బండి చప్పుడు వినగానే మొదలు. పెరటి తలుపులోంచి పక్కింటి మామ్మగారి గదిలోకి. లోపల గడియ...”

ఆయన చదవడం ఆపి కార్డు దించేశారు.

తండ్రి కార్డు అందుకుని, మిగతాది ఓపిగ్గా చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“ఇంటిల్లిపాదీ పాల్గొనాలన్నారుగా మాస్టారూ,” అన్నాడు నవ్వుతూ. “ఇవాళ్టినుంచి నేనూ పరిగెడతాను.”