ముడి వెయ్యడం రాని గైడు

"ఆయనే అయ్యుంటాడు," అంది లినెల్, చెరువు గట్టున కారు ఆపుతూ.

నీళ్ళలోకి వేసిన చెక్క వంతెన చివర ఒకాయన పడవలో సామాను సర్దుతున్నాడు. నలభై దాటి ఉంటాయి. నెత్తిన వెలిసిపోయిన టోపీ.

అలబామాలో ఏప్రిల్ నెల శనివారం పొద్దు. ప్రైవేటు చెరువు. ఓనరు వెర్నా గారు రోజుకు ఒక్కరికే అద్దెకిస్తారు. గైడుని కూడా తనే మాట్లాడి పెడతానని ఫోనులో చెప్పారు.

లినెల్‌కి చేపల మీద ఆశ లేదు. ఆశంతా నాన్న మీదే.

చలికాలం మొదట్లో నాన్న ఓరిన్‌కి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. మాట పోలేదు గానీ, ఆయనే మాట మానేశాడు. అడిగితే 'ఊ', లేకపోతే 'ఉహూ'. బాస్ చేపల వేటలో ఆ చుట్టుపక్కల పేరున్న మనిషి, గ్యారేజీలో గాలం కర్రలన్నిటినీ గోడవైపు తిప్పి పెట్టించాడు.

"మీరేగా గైడు?" అని కేకేసింది లినెల్.

అతను ఏదో చెప్పబోయాడు. అంతలో కారు దిగుతున్న ఓరిన్ తూలాడు. అల్లుడు డేల్ అటునుంచి వచ్చేలోపే అతను పరుగున వచ్చి ముసలాయన్ని చంక కింద పట్టుకున్నాడు.

"నా పేరు రాయిస్ సార్."

"ఊ."

రాయిస్ ఆయన మొహంలోకి చూశాడు. తర్వాత పడవ వైపు చూశాడు.

"పదండి సార్. ఎండెక్కకముందే వెళ్దాం."

పడవలో చేతులూ మెత్తా ఉన్న కుర్చీ ఒకటి బిగించి ఉంది. ఓరిన్ అందులో సరిగ్గా సరిపోయాడు. ఫరవాలేదే, ముందే ఏర్పాట్లు చేశాడు అనుకుంది లినెల్, తనూ ఎక్కుతూ. డేల్, కూతురు జోసీ వంతెన మీదే గాలాలు వేసుకుని కూర్చున్నారు.

రాయిస్ రబ్బరు వానపాముని ఎరగా గుచ్చిన గాలాన్ని దారానికి కట్టి విసిరాడు. వానపాము ఒకవైపు, దారం ఒకవైపు పోయాయి.

మళ్ళీ కట్టాడు. ఈసారి చేప పట్టుకుంది. ముడి జారింది. చేప గాలంతో సహా వెళ్ళిపోయింది.

లినెల్‌కి ఏడుపొచ్చినంత పనయింది. ఏరి కోరి ఇలాంటివాణ్ణి పెట్టారేమిటి!

"ఇదేం ముడిరా నాయనా! బూటు లేసు కడుతున్నావా?"

లినెల్ చటుక్కున తిరిగి చూసింది. నాన్న గొంతు అది.

"తప్పయింది సార్. ఎలా వెయ్యాలి?"

"ఇటు తే. నాకు ఒక్క చెయ్యే. రెండోది నువ్వు. ఆ, చుట్టు. ఇంకా చుట్టు. తప్పావు, విప్పు! ఇప్పుడు ఉమ్ముతో తడిపి లాగు. మెల్లగా! ఎద్దుని కట్టేస్తున్నావా? మీ నాన్న నీకేం నేర్పాడసలు?"

"ముళ్ళన్నీ ఆయనే వేసిచ్చేవాడు సార్. నేను విసరడమే."

"బాగా చెడగొట్టాడు!"

"అవును సార్," అన్నాడు రాయిస్ తల వంచుకుని.

ఇక ఓరిన్ ఆగలేదు. పడవ అడ్డంగా పోనిచ్చావని తిట్టాడు. ఎండలో చేపలుంటాయా, నీడలోకి పద అని తిట్టాడు. మధ్యాహ్నం రాయిస్ తన డబ్బాలోంచి సాండ్‌విచ్ ఇస్తే, ఆవ సాసు ఇంత తక్కువా అని తిట్టాడు. ఇంట్లో తినిపిస్తేగానీ తినని మనిషి, తిడుతూనే ఎడంచేత్తో మొత్తం తిన్నాడు.

పడిపోయిన చెట్టుకొమ్మ పక్కన ఓరిన్ గాలం గుంజుకుంది. కర్ర విల్లులా వంగింది. లినెల్ గబుక్కున చెయ్యి చాచింది.

"మీరుండండి," అన్నాడు రాయిస్. "అది ఆయన చేప."

కర్ర మొదలు మాత్రం తను పట్టుకున్నాడు. ఓరిన్ ఎడంచేత్తో రీలు తిప్పాడు.

"పైకెత్తు! పైకంటే పైకి! నా తలకాయ, అటు కాదు!"

బాస్ చేప నోరు తెరుచుకుని నీళ్ళమీదికి ఎగిరింది. రాయిస్ చేతివలతో అందుకోబోయాడు. తప్పాడు. మళ్ళీ తప్పాడు.

"అది వలా, పిండి జల్లెడా?"

ఎలాగో వలలో పడింది. ఓరిన్ దాని పెదవి పట్టుకుని పైకెత్తాడు. ఆయన నోరు సగమే నవ్వింది. ఆ సగం చెవిదాకా సాగింది.

"తాతా! మాట్లాడుతున్నావ్!" వంతెన మీంచి జోసీ అరిచింది.

"మాట్లాడక చస్తానా, వీడితో!" అని అరిచి, ఓరిన్ చేపని నీళ్ళలోకి వదిలేశాడు.

సాయంత్రం కారెక్కించేటప్పుడు రాయిస్ ముసలాయన చెయ్యి చాలాసేపు వదల్లేదు.

"ఈమధ్య నన్నెవరూ ఇంతలా తిట్టలేదు సార్."

"మళ్ళీ రా. ఇంకా చాలా ఉన్నాయి."

ఇంటిదాకా ఓరిన్ నోరు మూతపడలేదు. ఇంటికి రాగానే గ్యారేజీకి వెళ్ళి కర్రల్ని ఇటు తిప్పమని డేల్‌ని సతాయించాడు. లినెల్ వెర్నా గారికి ఫోను చేసింది.

"మీ గైడు రాయిస్‌కి ముడి వెయ్యడమే రాదండీ!" నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "కానీ మళ్ళీ వస్తే ఆయనే కావాలి మాకు. మా నాన్నని మాకు తెచ్చిచ్చాడు."

అవతల వెర్నా గారు కాగితాలు తిప్పిన చప్పుడయింది.

"రాయిస్ గైడు కాదమ్మా. మీకు చెరువూ, గైడూ ఇచ్చింది వచ్చే శనివారానికి కదా!"

"మరి ఆయన?"

"ఇవాళ చెరువు అతనిదే తల్లీ, తనకీ వాళ్ళ నాన్నకీ అని పోయినేడే అడిగి పెట్టుకున్నాడు, ఫిబ్రవరిలో పెద్దాయన పోయాడు, అయినా ఒక్కణ్ణే వస్తానన్నాడు."