తిత్తి మీద ఒట్టు

"పానా ఇటియ్యమంటే ఇనవడ్తలేదా?"

రాయమల్లు అరుపుకు వాకిట్లో కోళ్లు చెల్లాచెదురయ్యాయి. శంకరవ్వ పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చి పానా అందించింది. వారం నుంచి మొగుడు నిప్పులు తొక్కుతున్నాడు. ఏమన్నా మీదికొస్తున్నాడు.

పడవను గంగ ఒడ్డు నుంచి ఎడ్లబండి మీద తెచ్చి, వాకిట్లో దుంగల మీద నిలబెట్టారు. గోదావరిని ఆ ఊళ్లో గంగ అనే అంటారు. ఇటు కరీంనగర్ జిల్లా, అటు ఆదిలాబాద్ జిల్లా. నైజాం కాలం నాటి ఆ రేవులో తెడ్డు లేకుండా నడిచే పడవ రాయమల్లుదొక్కటే. ఇంజను లోపల ఉంటుంది, నీళ్లను కోసే పంక వెనకాల బయట ఉంటుంది. రెండింటినీ కలిపే ఇరుసు చుట్టూ మడతలు మడతలుగా రబ్బరు తొడుగు. కొలిమి తిత్తిలా ఉంటుందని ఊరంతా దాన్ని తిత్తి అంటారు. అది చిరిగిందంటే గంగ నేరుగా పడవలోకి వస్తుంది.

వచ్చింది కూడా. పోయిన సంతనాడు, నట్టనడి గంగలో, పడవ నిండా జనం ఉండగా. చంటిపిల్లల తల్లులు గొల్లుమన్నారు. అప్పుడు తెడ్ల పడవ వేసుకొచ్చి అందర్నీ ఒడ్డుకు చేర్చినవాడు నాగయ్య. రాయమల్లు చెల్లెలు బాలవ్వకు భర్త. వచ్చే నెలలో రాయమల్లుకు వియ్యంకుడు కూడా కావాలి.

"గంత జల్ది ఎట్లొచ్చిండు వాడు? ముందుగాల తెల్వకుంటే వస్తడా?" పానా తిప్పుతూ పళ్లు కొరికాడు రాయమల్లు.

"పానం మీదికొస్తే ఎవలైన ఉరుకుతరు. నాగయ్యన్న గసుంటోడు గాదు" అంది శంకరవ్వ.

ఆమె పడవ కోసం ఇప్పనూనె వెచ్చబెడుతోంది. బాగుచేసిన పడవకు నూనె పట్టించి గానీ గంగలో దించరు. అది రాయమల్లు తాతల నాటి నుంచి వస్తున్న ఆనవాయితీ. కుండ మూతికి గుడ్డ కట్టబోతుంటే, దాన్ని బిగించే సైకిల్ ట్యూబు ముక్క తెగి చేతిలోకొచ్చింది.

"గిదొకటి! నూనె తాకి తాకి మల్ల తెగింది. ఇంకో రబ్బరు ముక్కుంటే ఇయ్యరాదయ్యా?"

"నా ఇల్లు మునుగుతుంటే నీకు కుండ మూతి ఫికరా? సుతిలి కట్టుకో పో!"

ఇనుప పట్టీ విప్పి పాత తిత్తిని గుంజాడు. అది ఊడిరాక చేతికంటుకుంది. ఉబ్బిపోయింది. మడత మడతా పగిలింది. రాయమల్లు కళ్లు ఎర్రబడ్డాయి.

"చూడే, చూడు! కత్తితోని కోస్తే గిట్లుంటదా? దీని మీద మందు పోసిండ్రు! మన ఇంజను వచ్చినకాన్నుంచి వాని తెడ్లకు పనిలేకపాయె. కడుపుమంట! మా బాపు పడవ ఆయన పోయిందాక నిలవడ్డది. గిది రెండేండ్లకే కుళ్లుతదా?"

తడిక తోసుకుని బాలవ్వ వచ్చింది. కళ్లు ఏడ్చి ఏడ్చి వాచాయి. గొంతులో మాత్రం ఏడుపు లేదు, కోపముంది.

"పూలుపండ్లు ఇచ్చుకున్నంక సంబంధం తెంపుకుంటనంటున్నవట. నిజమేనా అన్నా?"

"నీ మొగన్నే అడుగు!"

"అడిగిన. దేవుని మీద పమాణం జేసిండు. నా బిడ్డ బువ్వ ముడ్తలేదు. జర ఆలోచించు. గా తిత్తి దగ్గరికి ఎవలను రానిచ్చినవు నువ్వు? నీ కొడుకునే చెయ్యి వెట్టనియ్యవు. కాకిని గూడ వాలనియ్యవు. మా ఆయన ఎప్పుడు ముట్టిండు చెప్పు!"

ఆ మాట నిజమే. కానీ నిజం తలకెక్కే స్థితిలో లేడు రాయమల్లు. పాత తిత్తిని పిడికిట్లో పట్టి పైకెత్తాడు.

"ఇగో, గీ తిత్తి మీద ఒట్టు! దీని మీద మందు పోసిన చెయ్యి ఏదో, గా చేతితోని నాకు చుట్టరికం లేదు. గా చెయ్యి నా కొడుకు లగ్గంల అచ్చింతలు ఎయ్యద్దు!"

"అయ్యో, గదేం ఒట్టయ్యా!" అని శంకరవ్వ నోరు నొక్కుకుంది.

బాలవ్వ కొంగు ముడి విప్పి, కోడలికని శంకరవ్వ పెట్టిన వెండి కడియాలు గడప మీద పెట్టింది.

"ఒట్టు వెట్టినవు గద. గంగవ్వ ఇన్నది. ఇగ నీ గడప తొక్క" అని వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

రాయమల్లు మళ్లీ పనిలో పడ్డాడు. బొంబాయి నుంచి తెప్పించిన కొత్త తిత్తిని వేడినీళ్లలో ముంచి మెత్తబరిచాడు. ఇరుసు మీదికి ఎక్కించి రెండు వైపులా పట్టీలు బిగించాడు. బిందెడు నీళ్లు పోసి చూశాడు. చుక్క కారలేదు. చాలా రోజుల తర్వాత అతని మొహం కాస్త తేటపడింది.

శంకరవ్వ కడియాలను కొంగులో దాచుకుని, కన్నీళ్లు తుడుచుకుంటూ నూనె గిన్నె తెచ్చి పక్కన పెట్టింది.

"ఏడ్వకే. గిప్పుడు దీన్ని ఎవడు ఖరాబు చేస్తడో నేనూ చూస్త" అన్నాడు రాయమల్లు.

చొక్కా చేతులు పైకి మడిచి, గోరువెచ్చని ఇప్పనూనె దోసిట్లోకి తీసుకున్నాడు. పడవకు నూనె పెట్టే పని అతను ఎన్నడూ ఇంకొకరికి ఇవ్వలేదు.

ప్రతి శుక్రవారం లాగే, ముందు తిత్తికి పట్టించాడు.