ఖాళీగా వదిలిన వయసు

తిరువళ్ళూరు జిల్లాలో తప్పు చేయనివి రెండే ఉన్నాయని మహేంద్ర చెప్పేవాడు. ఒకటి సూర్యుడు, రెండోది ఆస్పత్రిలో తాను నడిపే నరాల మిషన్.

సూర్యుడి మీద అతనికి కొంచెం అనుమానం ఉండేది.

కాలి నరానికి చిన్న షాకు ఇస్తే, ఆ కబురు నరం వెంట ఎంత వేగంగా పరుగెత్తిందో మిషన్ కొలుస్తుంది. వేగం చాలకపోతే ‘నరం దెబ్బతింది’ అని రిపోర్టు వస్తుంది.

మంగళవారం పొద్దున ఒక పెద్దాయన అలాంటి రిపోర్టునే తెచ్చి మహేంద్ర బల్ల మీద కొట్టాడు. మెడలో పచ్చ తువ్వాలు. వెనక ఇంకో ముగ్గురు ముసలివాళ్ళు.

“మా ఊరి ధనమ్మకు నరాల జబ్బని రాసినోడు యాడ?”

“నేనే తాతా. రాసింది మిషను, నొక్కింది నేను.”

“పోయిన నెలదాకా ఆమె చీకటితోనే లేసి మల్లెపూలు కోసింది. మీ కాగితం వచ్చినాక కొడుకు ఆమెను గడప దాటనీలేదు. నీకు కాళ్ళు లేవు, తోటెందుకని అమ్మేస్తా ఉండాడు. శుక్రవారం రిజిస్ట్రేషన్.”

“మిషన్ అబద్ధం చెప్పదు తాతా.”

“అయితే మాకూ పెట్టు షాకు. ఏటా ఆడి కృత్తికకు కావడి ఎత్తుకొని తిరుత్తణి కొండ ఎక్కుతాం మేము. మా నరాలు ఏమంటాయో చూస్తాం.”

మహేంద్రకు హుషారొచ్చింది. మొదటి షాకుకే నలుగురూ అరక్కోణం దాటేదాకా పరుగెత్తుతారని లెక్క వేశాడు. పేర్లు కొట్టి ఒక్కొక్కరినీ పడుకోబెట్టాడు.

ఎవరూ పరుగెత్తలేదు. ఒకాయనైతే షాకుకూ షాకుకూ మధ్య గురక పెట్టాడు.

నాలుగు రిపోర్టులూ ఒకే మాట చెప్పాయి. నరం దెబ్బతింది.

“నలుగురికీ జబ్బే తాతా. మీ ఊరి నీళ్ళలోనే ఏమో ఉండాది.”

“కొండెక్కే కాళ్ళకు జబ్బా? మీ డాక్టరమ్మను పిలువు. వచ్చేదాకా ఈ మంచం దిగను.”

డాక్టర్ కోకిల వచ్చింది. నలుగురినీ మడమల మీద నడిపించింది. మోకాళ్ళ కింద సుత్తితో తట్టి చూసింది. తర్వాత తెర మీద ఒక మూల వేలు పెట్టింది.

“మహేంద్రా, వయసు గడి ఎందుకు ఖాళీగా ఉంది?”

“అడిగితే కథ చెప్తారు మేడం. పెద్ద గాలివాన వచ్చిన ఏడు, మా చిన్నాయన పెండ్లినాడు పుట్టినా అంటారు. లైను అట్నే నిలబడిపోతుంది. అందుకని ముసలోళ్ళకు వేసేది లేదు.”

“నువ్వు వేయకపోతే మిషన్ ముప్పై అనుకుంటుంది.”

మహేంద్ర వంగి నాలుగు రిపోర్టుల్లోనూ ఆ గడి వెతికి చూశాడు.

“ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు కూడా వయసు పెరిగేకొద్దీ నరాల వేగం కొంచెం తగ్గుతుంది. అది జబ్బు కాదు” అంది కోకిల, పెద్దాయన వైపు తిరిగి.

“అంటే ముసలెద్దును కోడెదూడ పక్కన నిలబెట్టి, నిదానమని వంక పెట్టినారు. ఆ వంకతో ఒక ఆడమనిషి నోటికాడ కూడు లాగేసినారు. ఆమె నాకంటే రెండేండ్లు చిన్న. వెయ్యి తంబీ, ఆమెది కూడా ఇప్పుడే వెయ్యి.”

వయసులు వేశాక అయిదు రిపోర్టులూ మారిపోయాయి. అందరిదీ వయసుకు తగ్గ వేగమే. కోకిల ధనమ్మ కొడుక్కి తానే ఫోన్ చేసి కొత్త రిపోర్టు పంపింది.

“నేను వచ్చినట్టు ఆమెతో అనొద్దండి.” పెద్దాయన తువ్వాలు దులిపి వేసుకుని వెళ్ళిపోయాడు.

మరునాడు ధనమ్మ వచ్చింది. వాకిలి నుంచి బల్లదాకా ఆమె నడిచిన వేగానికి కాపలా మనిషి పక్కకు తప్పుకున్నాడు.

“నా కాళ్ళకు జబ్బని ఊరంతా చాటినోడు యాడ?”

మహేంద్ర లేచి నిలబడ్డాడు. ఈసారి మిషన్ పేరెత్తలేదు.

“నేనే అవ్వా. నీ వయసు వేయకుండా వదిలేసినా. తప్పు నాదే.”

“నీ సోమరితనానికి నా తోట పోయుండేది కదరా. నిన్న సాయంత్రం మావాడు బేరం వద్దనేసినాడు, బతికిపోయినా.”

“మీ అన్న వచ్చి కొట్లాడబట్టి బయటపడింది అవ్వా. చెప్పొద్దన్నాడు.”

“నాకు అన్న యాడుండాడు?”

“పచ్చ తువ్వాలు వేసుకుని వచ్చినాడే. సుందరరాజులంట.”

ధనమ్మ బెంచీ మీద కూర్చుంది. కుడి అరచేతిని చీరకు తుడుచుకుంది.

“నిన్న పొద్దున కొడుకు కన్నుగప్పి ఆయన ఇంటికి పోయినా. ఆయన లేడు. వాకిట్లో మన్ను ఎత్తిపోసి, నీ వంశం నాశనమైపోవాలని శపించి వచ్చినా.”

“ఎందుకవ్వా?”

“నా తోట కొంటా ఉండింది ఆయనే.”